నలభై చెంబుల గీతలు

మార్కాపురం చుట్టుపక్కల ఏ ఊరికైనా పొండి, ఏ ఇంటి వంటగదిలోకైనా తొంగి చూడండి, నా చేతిరాత కనబడుతుంది. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను, ఈ వయసులో ఇంకెప్పుడు చెప్పుకుంటాను. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుని బిందెల మీద, గిన్నెల మీద, గంగాళాల మీద పేర్లు చెక్కాను. మేనమామ పెట్టిన బిందె మీద మేనమామ పేరు, వియ్యపురాలు ఇచ్చిన డబ్బా మీద వియ్యపురాలి పేరు ఉండి తీరాలి మా వైపు. పేరు లేని గిన్నె పెడితే పెట్టినట్టే కాదు. పదేళ్ళ తరవాత చెల్లెలు అలిగి "నాకేం పెట్టినావన్నా?" అంటే ఆ బిందె భుజం చూపించి మాట్లాడాలి కదా.

ఇప్పుడు పెద్ద పెద్ద దుకాణాల్లో కౌంటరు దగ్గర నిలబడి, సామాను మీద ఉన్న గీతల బిళ్ళకు గన్ను చూపించి కుయ్ కుయ్ మనిపించే పిల్లలున్నారే, ఈ మాటలు మీకోసం. మీకు అది పుట్టినప్పటి నుంచీ ఉన్న వస్తువు. మా దుకాణంలో ఆ కుయ్ మొదటిసారి వినబడిన ఏడాది నేనొక ఘనకార్యం చేశాను. మా ఇంట్లో ఇప్పటికీ నేను కాస్త పెద్ద మాట మాట్లాడబోతే చాలు, మా ఆవిడ "చెంబులు" అని ఊరుకుంటుంది. నేనూ ఊరుకుంటాను.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. విరిగిన పలక ముక్కలు ఇంటికి తెచ్చేవాడు. వాటి మీద మేకుతో గీకుతూ నేను అక్షరాలు నేర్చుకున్నాను. అందుకేనేమో, కాగితం మీద నా రాత కోడి కెలికినట్టుంటుంది, గట్టి వస్తువు మీదైతే చేయి దానంతటదే నడుస్తుంది. దుకాణంలో చేరినప్పుడు చిన్న ఉలి, సుత్తి. తరవాత కరెంటు మిషన్ వచ్చింది, పెన్నులాగా పట్టుకుంటే జుయ్ మంటూ స్టీలును గీస్తుంది. నా టేబుల్ సరిగ్గా గుమ్మం పక్కన. బజారులో ఎవరు ఏ బస్సు దిగి వస్తున్నారో, ఎవరి చేతిలో ఏ సంచి ఉందో నాకు తెలియకుండా జరిగేది కాదు.

దుకాణంలో నాతోపాటు అంత కాలమూ పనిచేసిన మనిషి ఒక అక్క. యర్రగొండపాలెం రోడ్డులో ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేది. చదువు లేదు, బైబిలు కూడా కూతురు చదివితే వినేది. కానీ బిందెను వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, ఆ మోత విని, ఇది మందం, ఇది రేకు అని చెప్పేది. ఆ మాటకు తిరుగులేదు. మా షావుకారుకు ఒక నియమం ఉండేది: దుకాణం నుంచి ఇంకొక ఇంటికి పోయే గిన్నె ఏదైనా ఖాళీగా గుమ్మం దాటకూడదు. కొన్న ప్రతి గిన్నెలో అక్క నాలుగు బియ్యపు గింజలు వేసి చేతికిచ్చేది. గంగాళమైనా నాలుగే, గరిటె అయినా నాలుగే. గరిటెలో నిలబడేవి కావు, అయినా వేసేది.

అట్లా నడుస్తున్న దుకాణంలో షావుకారుకు మోకాళ్ళు పట్టేశాయి. మెట్లెక్కలేక ఇంట్లో కూర్చున్నారు. కోడలు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. గిద్దలూరు పిల్ల. పుట్టింటివాళ్ళకు మందుల షాపు ఉంది కాబట్టి కంప్యూటర్ల మధ్యే పెరిగింది. షావుకారును నేను అన్నా అని పిలుస్తాను కాబట్టి నన్ను చిన్నమామా అని పిలిచేది. మాట మెత్తన, పట్టు గట్టిది. వచ్చిన నెలకే మూడు అట్టపెట్టెలు దింపించింది. ఒకదాంట్లో కంప్యూటరు, ఒకదాంట్లో బిళ్ళలు అచ్చుకొట్టే చిన్న పెట్టె, మూడోదాంట్లో గన్ను.

"చిన్నమామా, ఇంక మీదట ఏ సామాను ఎన్ని ఉన్నాయో అటక ఎక్కకుండానే తెలుస్తాది" అంది.

రెండు వారాలు అందరం దుకాణం బోర్లించి సామాను ఎంచి బిళ్ళలు అంటించాం. ఆ ఎంచడంలో మంచే జరిగింది. అటక మూలలో గోనెపట్టా కింద మూడు ఇత్తడి దీపపు సెమ్మెలు బయటపడ్డాయి. అవి ఎవరో ఎత్తుకుపోయారని షావుకారు ఎన్నో ఏళ్ళుగా ఒక పాత గుమాస్తాను తిడుతూ ఉండేవారు. పాపం ఆ గుమాస్తా నిర్దోషి అని గీతల బిళ్ళలు వచ్చాక తేలింది. షావుకారు మాత్రం "దాచిపెట్టింది వాడే" అన్నారు.

ఈ యవ్వారం అక్కకు మింగుడుపడదు, నాకు తోడు దొరుకుతుంది అనుకున్నాను. అక్క గన్ను పట్టుకుంది, ఒక తపేలాకు చూపించింది, కుయ్ మంది, తెర మీద సామాను పేరు పడింది. పేరు చదవలేదు, బొమ్మ కూడా పడుతుంది కాబట్టి చూసుకుంది. చిన్నపిల్ల లెక్క నవ్వింది.

"ఆ గీతల్లో ఏముందో నీకేం తెలుసక్కా?" అన్నాను ఒళ్ళు మండి.

"నువ్వు చెక్కే అక్షరాలు కూడా నాకు గీతలేగదా తమ్ముడూ. అవి నాతో ఒక్కనాడూ మాట్లాడలేదు. ఇవి కుయ్ మంటాండాయి" అంది.

వారం తిరిగేసరికి దుకాణంలో గన్ను అక్క చేతిదైంది.

ఇక నా గొడవ ఏమిటంటే, ఆ బిళ్ళ చోటు. బిందె పొట్ట మీద వంపు ఎక్కువ, గన్ను సరిగా చదవదు. అందుకని మెడ కింద భుజం మీద అంటించారు. అది నా చోటు. నాకంటే ముందు ఉలి పట్టినవాళ్ళంతా పేరు చెక్కింది అక్కడే. కొన్నవాళ్ళు బిందె తెచ్చి నా టేబుల్ మీద పెడతారు. నేను గోటితో బిళ్ళ పీకి, టేబుల్ అంచుకు అంటించి, పేరు చెక్కి పంపుతాను. ఆడవాళ్ళు నుదుటి బిళ్ళలు అద్దానికి అంటించినట్టు నా టేబుల్ అంచంతా గీతల బిళ్ళలే. బిందె కౌంటరు దగ్గరికి పోతుంది, గన్నుకు చదవడానికి ఏమీ ఉండదు.

"చిన్నమామా, దీని బిళ్ళ?" అని కోడలు కేకేసేది.

"ఇక్కడెక్కడో ఉంది, ఏదో ఒకటి చూసుకోమ్మా" అని నేను అంచు చూపించేవాణ్ణి. అన్నీ ఒకటే గీతలు కదా, నా కళ్ళకు తేడా ఏముంది?

ఒకరోజు చంద్రశేఖరపురం పెద్దమనిషి ఒకాయన గరిటె కొని పేరు చెక్కించుకున్నాడు. బిల్లు చదువుకుంటే గంగాళం అని ఉంది. ఆయన కోపం తెచ్చుకోలేదు, గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఈ గంగాళం బస్సులో ఎట్ల పట్టుకపోయేది? టాపు మీద ఎయ్యాల్నా?" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. కోడలు నవ్వలేదు. బిల్లు దిద్ది, ఆయనకు క్షమించమని చెప్పి, నా టేబుల్ అంచును కాసేపు చూసింది.

రెండు రోజులకు అక్క నా చెవిలో ఊదింది. కోడలు ఫోనులో ఎవరినో అడుగుతోందట, పేర్లు చెక్కే కంప్యూటర్ మిషన్ ఒకటి ఉందట, పేరు టైపు కొడితే చాలు, మంటతో గీసేస్తుందట. నా టేబుల్‌ను మేడ మీద గోడౌన్లోకి మారుస్తే గుమ్మం దగ్గర రెండో కౌంటరు పెట్టుకోవచ్చునని కూడా అందట.

నాకు ప్రాణం చివుక్కుమంది. దాచుకోవడమెందుకు, ఆ రాత్రి అన్నం సయించలేదు. జీతం పోతుందని కాదు. గుమ్మం పక్కనుంచి లేపి అటక మీదికి ఎక్కిస్తే నేనూ ఆ దీపపు సెమ్మెలూ ఒకటే కదా అనిపించింది.

"పోయి అడగరాదా తమ్ముడూ, ఆ పిల్ల మనుషుల్ని తినేది కాదు" అంది అక్క.

"నేనేంది అడిగేది?" అన్నాను. పౌరుషం! పనికిరాని చోట తన్నుకొచ్చే వస్తువు అది. అడగడానికి బదులు నేనొక ఉపాయం పన్నాను. బిళ్ళ ఊడుతుందనే కదా బాధ? ఊడని బిళ్ళ నేనే చేస్తాను. పేరు చెక్కినవాణ్ణి నాలుగు గీతలు చెక్కలేనా?

సమయం కూడా కలిసొచ్చింది. దొనకొండ అవతల ఒక పల్లె నుంచి గొర్రెలు మేపుకునే కుటుంబంవాళ్ళు నలభై చెంబులు చెప్పి పోయారు. మనవరాలికి ఓణీల ఫంక్షను, వచ్చిన చుట్టాలకు తలా ఒక చెంబు పెట్టాలి, ప్రతి చెంబు మీద ఆ పిల్ల పేరుండాలి. సోమవారం వచ్చి పట్టుకుపోతామన్నారు. ఫంక్షను బుధవారం. కోడలు శనివారం పొద్దున పుట్టింటికి గిద్దలూరు పోతూ, "చిన్నమామా, చెంబులు జాగ్రత్త. ఆ రకం ఇంక ఒక్కటి కూడా లేదు, మళ్ళా రావాలంటే వారం పడుతుంది" అని చెప్పి పోయింది.

నలభై చెంబుల మీదా ముందు పేరు చెక్కాను. తరవాత మొదటి చెంబు తీసుకుని, దాని బిళ్ళను పక్కన పెట్టుకుని, పేరు కింద గీత గీతా దించాను. సన్నగీతకు సన్నగీత, లావుగీతకు లావుగీత, మధ్య సందు కూడా కొలిచి మరీ. ఒక్క చెంబుకే గంట పట్టింది. అక్కను పిలిచి గన్ను చూపించమన్నాను. ఉలుకూ లేదు పలుకూ లేదు.

"మెరుపు ఎక్కువైంది, దానికి కళ్ళు బైర్లు కమ్మినట్టుండాయి" అంది అక్క.

నేను చెక్కిన చోటును గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, గీతల్లో మసి, నూనె కలిపి నింపి తుడిచాను. అక్క గన్నును దగ్గరికి, దూరానికి, పక్కకు తిప్పింది. ఏడోసారో ఎనిమిదోసారో, కుయ్!

తెర మీద చెంబు బొమ్మ పడింది. నేను కుర్చీలోంచి లేచి గెంతానని అక్క చెబుతుంది, నేను ఒప్పుకోను. కానీ దుకాణంలో అందరికీ టీ చెప్పిన మాట నిజం. నా చేయి గీసింది కంప్యూటరు చదివింది! ఇంకేం మిషన్ తెస్తారో తెమ్మనండి అనుకున్నాను.

మిగతా ముప్పై తొమ్మిదీ శనివారం సాయంత్రం, ఆదివారం కూర్చుని చెక్కాను. ఆదివారం అక్క చర్చికి పోయింది. గన్ను ఎట్లా పట్టుకోవాలో నాకు తెలియదు, ఇంకెవరినైనా అడగడానికి మళ్ళీ ఆ పౌరుషమే అడ్డం. ఒకటి పలికింది కదా, అన్నీ పలుకుతాయి అనుకున్నాను.

ఇక్కడే వినండి పిల్లలూ. ఇరవై ఏళ్ళ పనితనం మనిషిని ఎట్లా ముంచుతుందో. మొదటి చెంబు మీద నేను భయంతో గీశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు గీశాను. రెండోదానికి భయం పోయింది. మూడోదానికి నా చేయి తన సొంత నడక పట్టింది. ఒకచోట రెండు గీతలు మరీ బక్కగా ఉన్నాయి, చూడ్డానికి బాగాలేదు, కాస్త ఒళ్ళు చేయించాను. ఒకచోట సందు వెడల్పుగా ఉంది, పళ్ళు ఊడిన నోరులాగా, ఒక గీత చేర్చాను. పదో చెంబుకు వచ్చేసరికి అటొక పువ్వు, ఇటొక పువ్వు పెట్టాను, పేరుకు రెండు పక్కలా పెట్టే అలవాటు కొద్దీ. నలభయ్యో చెంబు చూస్తే కళ్ళు చల్లబడ్డాయి. ఆ అచ్చు పెట్టె పుట్టాక అంత అందమైన గీతలు ఎవరూ గీసి ఉండరు.

సోమవారం పొద్దున కోడలు వచ్చేసరికి నలభై చెంబులూ కౌంటరు మీద బారు తీర్చి నిలబెట్టాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆమె ఒక చెంబు తీసి చూసింది. ఇంకొకటి చూసింది. గన్ను తీసి ఒక్కొక్కదానికీ చూపించుకుంటూ పోయింది. మూగనోము. మొదటి చెంబు మాత్రం కుయ్ మంది. మిగతా ముప్పై తొమ్మిదీ కిక్కురుమనలేదు.

"అన్నిటికీ మసి పెట్టినానే!" అన్నాను.

"చిన్నమామా," అంది మెల్లగా, "ఇవి బార్‌కోడ్‌లు కావు, ముగ్గులు."

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. గీత లావూ సన్నమూ, మధ్య సందూ, అవే అంకెలట. ఒక గీతకు ఒళ్ళు చేయిస్తే అంకె మారిపోతుందట, రెండు కొసలా ఖాళీ వదలకపోతే మొదలెక్కడో గన్నుకు తెలియదట. నేను అందం అనుకుని అద్దిన ప్రతి చోటా ఒక అంకెను చంపాను. పోనీ చెరుపుదామా అంటే స్టీలు మీద చెక్కింది చెరిగేదా? ఆమె లేచి హోల్‌సేల్ వాళ్ళకు ఫోను చేసింది, ఇంకో దుకాణానికి చేసింది. ఆ రకం చెంబులు ఎక్కడా లేవు. ఫోను పెట్టేసి నా టేబుల్ వైపు చూసింది. నా టేబుల్ గోడౌన్ మెట్లెక్కడం నాకు కళ్ళ ముందు కనబడింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. ఆ ఓణీల పిల్ల అవ్వ దిగింది. డెబ్బై దాటి ఉంటాయి, నిటారుగా ఉంది. వెనక ఇద్దరు కోడళ్ళు గోనెసంచులతో దిగారు.

ఒక చెంబు తీసి వెలుతురులో పెట్టి చూసింది. "పేరు బాగా కొట్టినావు నాయనా. పేరు కింద ఈ గీతలేంది?"

మా అక్క నా వైపు చూసింది. కొత్త డిజైను అని ఒక్క మాట అంటే అయిపోయేదే. అక్క నాలుక కొసన ఆ మాట ఉందని కూడా నాకు తెలుసు. కానీ షావుకారు కోడలు పక్కనే నిలబడి ఉంది, నా మూలంగా దుకాణం అబద్ధం ఆడటం నాకు మనసొప్పలేదు.

"పెద్దమ్మా, తప్పు నాది" అన్నాను. "దుకాణం గుర్తు ఊడిపోకుండా ఉంటుందని చెక్కినాను. కుదరలేదు. మీ చెంబులు చెడగొట్టినాను. ఇట్లాంటివి ఇంక లేవు. మీకు పని బుధవారం. మీరేమన్నా పడతాను."

ఆమె నన్ను చూడలేదు. రెండు చెంబులు పక్కపక్కన పెట్టి చూసింది. మూడోది తెచ్చి పెట్టింది.

"గుర్తు అంటివే, ఒకదాని లెక్క ఇంకోటి లేదే?"

"అదే పెద్దమ్మా నేను చేసిన తప్పు. అన్నీ ఒకటే ఉండాల."

"ఒకటే ఉంటే ఇంక గుర్తు ఏంది?" అంది. "మేం గొర్రె చెవికి గాటు పెడతాం. మా మందకు ఎడమ చెవికి రెండు గాట్లు. మా మరిది మందకు ఒక గాటు, కొస కత్తిరింపు. అడవంచున మందలు కలిసిపోతే గాటు చూసి ఎవరివి వాళ్ళం ఏరుకుంటాం. అందరూ ఒకటే గాటు పెడితే గొర్రెలు ఎవరివి అయ్యేది?"

కోడళ్ళలో ఒకామె కలగజేసుకుంది. "అవునత్తా, పోయిన ఫంక్షన్లో పంచినవన్నీ ఒకటే పేరు, ఒకటే చెంబు. నీళ్ళకు బయట పెడితే నీది నాది అని రెండిళ్ళు ఇంకా మాట్లాడుకోవట్లే."

"ఇప్పుడు ఎవరి గీతలు వాళ్ళవి. పువ్వు ఉండేది మా అక్కకు పెట్టు, ఆమెకు డాబు ఎక్కువ" అంది పెద్దావిడ. నా వైపు తిరిగి, "ఇది తప్పంటివా? తెలిసి చేసినా ఇంత బాగా కుదరదు" అంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇక బిల్లు కొట్టాలి. ముప్పై తొమ్మిది మూగ చెంబులు, పీకిన బిళ్ళలేమో ఇక అక్కర్లేదని నేనే చెత్తలో వేశాను. అక్క మొదటి చెంబును ఎత్తి పట్టుకుని, గన్నుతో ఒక్కదాన్నే మళ్ళీ మళ్ళీ కుయ్ మనిపించడం మొదలుపెట్టింది. ఒక్కో కుయ్‌కి పెద్దావిడ కోడళ్ళు ఒక్కో చెంబును సంచిలో వేస్తూ గట్టిగా ఎంచారు. ఇరవై మూడు దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చారు. బజారులో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. అక్క ప్రతి చెంబులో నాలుగు గింజలు వేస్తూ ఉంది, అది మాత్రం ఆపలేదు.

చివరికి ఆ మొదటి చెంబు మిగిలింది. పెద్దావిడ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "ఇది అరుస్తాది. మాకొద్దు, మా ఇంట్లో అరిచేటోళ్ళు ఇప్పటికే ఎక్కువైనారు. దీనికి బదులు ఒక తపేలా ఇయ్యి" అంది. మా షావుకారు కోడలు అప్పుడు నవ్వింది. బిడ్డ మా దుకాణానికి వచ్చాక అట్లా పకపకా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే మంచి తపేలా తీసిచ్చింది.

ఆటో పోయాక కోడలు ఆ మిగిలిన చెంబు తీసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఏవో మీటలు నొక్కింది. చెంబు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"చిన్నమామా, ఆ రకం చెంబులు ఇంక తెప్పించను. ఈ గీతల్ని కంప్యూటర్లో నీ పని పేరు మీద మార్చినా. ఇప్పుడు ఇది 'పేరు చెక్కుట'. నువ్వు పేరు చెక్కినప్పుడల్లా అక్క ఈ చెంబును కుయ్ మనిపిస్తాది. ఒక నెల చూస్తాం. బిళ్ళలు ఇంక బిందెల అడుగున అంటిస్తాం. అక్కడ నీకు పనేం లేదుగదా?"

"లేదమ్మా" అన్నాను.

"ఇన్నాళ్ళూ నువ్వు రోజుకు ఎన్ని పేర్లు చెక్కుతావో కంప్యూటరుకు తెలియదు. నాకూ తెలియదు. తెలియకుండానే టేబుల్ మార్చాలనుకున్నా. అది నా తప్పు."

తప్పు ఒప్పుకోవడంలో కూడా ఆ పిల్ల నాకంటే ముందే ఉంది. నా పని ఎక్కించేటప్పుడు నిల్వ ఎంత అని అడిగిందట కంప్యూటరు, ఖాళీ వదిలితే ఒప్పుకోలేదట. ఒకటి అని కొట్టింది. పని కాబట్టి ఎన్నిసార్లు కుయ్ మన్నా అది తగ్గకుండా పెట్టింది.

నెల తిరిగేసరికి తెలిసింది. దుకాణం దాటే సామానులో సగానికి పైగా నా టేబుల్ మీదుగానే పోతోంది. కొందరు పేరు కోసమే మా దుకాణానికి వస్తున్నారు. ఇది చెప్పింది నేను కాదు, నేను పగబట్టిన ఆ గీతలే. టేబుల్ గుమ్మం పక్కనే ఉండిపోయింది. ఆ తరవాత నేను కూడా గన్ను పట్టడం నేర్చుకున్నాను. అక్క నేర్పింది. నన్ను "మొద్దు" అని ఎన్నిసార్లు అన్నదో లెక్క కంప్యూటరులో లేదు కాబట్టి సరిపోయింది.

తరవాత ఎన్నో ఏళ్ళు చేశాను. చేయి వణకడం మొదలుపెట్టాక, ఒకరోజు ఒకరి పేరులో సున్నా సొట్టపోయాక, నేనే పోయి ఇక చాలమ్మా అన్నాను. ఈసారి అడగడానికి పౌరుషం అడ్డం రాలేదు. చివరి రోజు శాలువా, దండ, మిఠాయి అన్నీ అయ్యాయి. షావుకారు కర్ర పట్టుకుని వచ్చి కాసేపు కూర్చుని, దీపపు సెమ్మెల సంగతి ఎత్తి పాత గుమాస్తాను మళ్ళీ తిట్టి పోయారు. అందరికీ చెప్పి, మామూలుగా నా టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడ క్యారియర్ కడగబోయి పిలిచింది. "ఇందులో బియ్యపు గింజలేంది?"

చూస్తే పై గిన్నెలో నాలుగు గింజలు. ముప్పై ఏళ్ళుగా ఆ క్యారియర్ రోజూ ఖాళీగానే ఆ గుమ్మం దాటింది, పొద్దున మళ్ళీ తిరిగి పోతుంది కాబట్టి. గింజలు వేసేది తిరిగి రానివాటికే. అక్క చెప్పకుండా చెప్పేసింది. ఆ గింజలను అరచేతిలో పోసుకున్నాను. మా ఆవిడ "చెంబులు" అని కూడా అనలేదు.

వారం ఆగి, ఇక ఉండలేక దుకాణానికి పోయాను. గుమ్మం పక్కన ఆ మంటతో గీసే మిషన్ వచ్చింది. అక్షరాలు తీర్చినట్టున్నాయి. ఒప్పుకోవాలి, బాగున్నాయి. నా చెంబు మాత్రం అక్కడే ఉంది, ఎవరో తెలియని ఆ పిల్ల పేరుతో, దాని కింద నా గీతలతో.

"ఏందక్కా, గింజలేసి పంపించేసినావు నన్ను?" అన్నాను.

అక్క కోడలి వైపు చూసింది. కోడలు తలూపింది. అక్క చెంబు ఎత్తి గన్ను చూపించింది. కుయ్. తెర నా వైపు తిప్పింది. పేరు చెక్కుట. నిల్వ: ఒకటి.

"గింజలు వేసింది క్యారియర్‌కు" అంది అక్క. "నువ్వింకా స్టాకులోనే ఉండావు. కూచో, టీ చెప్తా."